గెంతు కత్తెరలో ఉంది

ప్రశ్న: పాత చైనా కత్తియుద్ధాల సినిమాల్లో మనుషులు వెదురుతోపుల్లో ఎగురుతుంటే నమ్మబుద్ధేస్తుంది. మేం కర్రసాము మీద ఫోనుతో చిన్న సినిమా తీశాం. గెంతు తేలిపోయింది, దెబ్బ తగిలినట్టే లేదు. లోపమెక్కడ?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: గెంతు మొత్తం చూపించేసి ఉంటారు. ఆ కత్తియుద్ధాల సినిమాల దర్శకుడు కింగ్ హూ ఆ పని చెయ్యడు. 1971 నాటి ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లో వెదురుతోపు పోరాటం ఆపి ఆపి చూడండి. ఎగిరేముందు ఒళ్లు ఒక ముక్క, ఆకుల మధ్య దూసుకుపోయే మనిషి ఇంకో ముక్క, దిగడం మరో ముక్క. నటులు చిన్న ట్రాంపొలిన్ల (అడుగేస్తే పైకి ఎగరేసే చట్రాల) మీంచి గెంతేవారు, అవి కంటపడకుండా కత్తెర పడేది. సెకనుకి 24 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన మధ్యముక్క 8 ఫ్రేములుంటే చాలు. కన్ను పట్టుకునేలోపే పోతుంది.

మీరు మూడడుగుల గట్టు మీంచి గెంతించండి. ఫోను నేలకి ఆన్చి ఆకాశం వైపు తిప్పండి. దిగేచోట వరిగడ్డి మందంగా పరిచి పైన పరుపెయ్యాలి. మూడు ముక్కల్లోనూ మనిషి ఒకే దిక్కుకి పోవాలి, లేకపోతే వెనక్కి దూకినట్టుంటుంది.

కర్రసాముకి మాత్రం ఈ కత్తెర వద్దు. హాంకాంగ్ దర్శకుడు లౌ కార్ ల్యుంగ్ కుంగ్‌ఫూ ఇంటి విద్యగా నేర్చినవాడు. ఆయన షాట్లలో చేతులూ కాళ్లూ కలిసే కనిపిస్తాయి. మీరూ నాలుగైదు దెబ్బలు ఒకే షాటులో తియ్యండి. కెమెరా దెబ్బ తినేవాడి భుజం వెనక ఉంటే, కర్ర జానెడు దూరంలో ఆగినా ఆ సందు తెలీదు. పక్కనుంచి తీస్తే దొరికిపోతారు. కర్ర ఆగిన క్షణంలోనే తల తిరగాలి. ముందే తిరిగితే నవ్వులపాలే. చప్పుడు తర్వాత కలపండి, హాంకాంగ్‌లోనూ అప్పట్లో ఎక్కువగా అంతే. దిండు మీద బెత్తంతో కొడితే సరిపోతుంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడనిచ్చే సమయం ఎంత తక్కువైతే అంత వేగం) దానంతటదే పెంచేస్తుంది, కర్ర ఎగిరెగిరి పడుతుంది. షట్టర్‌ని సెకనులో 50వ వంతుకి కట్టి, జీడితోట నీడలో తియ్యండి.

ఇంకోటి, దరువు. కింగ్ హూ పోరాటాలు కూర్చిన హాన్ యింగ్‌జియే పెకింగ్ ఒపేరా అనే చైనా సంగీత నాటకం నుంచి వచ్చినవాడు. అక్కడ కొట్టడమెంతో, తాళానికి బిగుసుకుని నిలబడడమూ అంతే. మీ ఊళ్లో తప్పెటగుళ్లవాళ్లుంటే రిహార్సల్‌కి ఒకర్ని పిలవండి. గెంతుకీ దరువుకీ లంకె వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఈ సినిమాల నుంచి హాలీవుడ్ ఏం తీసుకుంది?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందుగా మనుషుల్ని. 1999లో ‘మేట్రిక్స్’ పోరాటాలు కూర్చినవాడు హాంకాంగ్ యువెన్ వూపింగ్. మరుసటేడు వచ్చిన ఆంగ్ లీ ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’కీ ఆయనే, దానికి 4 ఆస్కార్లు. అందులోని వెదురుతోపు పోరాటం కింగ్ హూకి నమస్కారమే, కాకపోతే తీగలు కట్టి కంప్యూటర్లో చెరిపేశారు. అందంగానే ఉంటుంది, కానీ ఎగరడం మరీ తాపీగా. నా ఓటు 8 ఫ్రేములకే.