ఆ కారు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు

ప్రశ్న: నా వయసు 35. మావారికి 39, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేనూ ఉద్యోగం చేస్తున్నాను. ఆరేళ్ల బాబు ఉన్నాడు. నాలుగేళ్లుగా మావారికి హాట్‌వీల్స్ బొమ్మ కార్ల పిచ్చి పట్టుకుంది. ఇంట్లో ఆరు వందలకు పైగా పోగయ్యాయి. ఒక్కదాన్నీ అట్ట నుంచి విప్పరు, బాబును ముట్టుకోనివ్వరు. శనివారం వస్తే షాపు తెరవకముందే వెళ్లి నిలబడతారు. కొన్నవాటిలో సగం ఆఫీసు సంచిలో దాచి తెస్తారు. అడిగితే ‘నూట డెబ్బై తొమ్మిది రూపాయల బొమ్మకు ఇంత రాద్ధాంతమా’ అంటారు. కానీ ఒక నెలలో 19 వేలు ఎవరెవరికో పంపినట్టు ఆయన ఫోనులో చూశాను. ఆ నెల ఇంటి అప్పు వాయిదా నా జీతంలోంచి సర్దాను. మూడు నెలల కిందట మా అక్క కొడుకు పుట్టినరోజుకు బహుమతి కొనే తీరిక లేక, అలమరలోంచి మూడు కార్లు తీసి ఇచ్చాను. ఆరు వందల్లో మూడు పోతే ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాను. వాటిలో ఒకటి ఆయన రెండేళ్లు వెతికి పట్టుకున్నదట. ఇల్లంతా గాలించి, చివరికి పనిమనిషిని అనుమానించి మాన్పించారు. నేను నోరు విప్పలేకపోయాను. బొమ్మల్లో మునిగిపోయిన మనిషితో కాపురం ఎలా? ఇది జబ్బా? అన్నీ అమ్మించేసే మార్గం చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. ఏ గోడకు ఎన్ని అరలు కొట్టించారో, ఏ వారం ఎన్ని దాచి తెచ్చారో తేదీలతో సహా రాశారు. పనిమనిషిని మాన్పించిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. జవాబు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను, మీకు కోపం వచ్చినా సరే.

ఆ కారు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. మూడు నెలలుగా తెలుసు. అదే అపార్ట్‌మెంట్‌లో ఆవిడ ఇంకో మూడు ఇళ్లలో పనిచేస్తుందని మీరే రాశారు. ఒక ఇంట్లో దొంగతనం నింద పడితే, ఆవిడ లిఫ్టులో పై అంతస్తుకు చేరేలోపే ఆ మాట అక్కడికి చేరి ఉంటుంది. ఆ మూడు ఇళ్లలో ఎన్ని మిగిలాయో మీకు తెలుసా? కనుక్కున్నారా? మీ వారు దాచినవి కార్లూ బిల్లులే. మీరు దాచిన దానికి ఇంకొకరి జీతం, పరువు పోయాయి. ఈ రెండూ ఒక తూకం కావు.

కాబట్టి ఈ రాత్రే మీ వారికి చెప్పండి. చిన్న మాటల్లో చెప్పండి. ‘ఆ కారు నేనే తీసి అక్క కొడుక్కి ఇచ్చాను. ఆవిడ మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఈ ఆదివారం ఇద్దరం వెళ్లి ఆవిడకు చెప్పి వద్దాం.’ అంతే. దీనికి ‘మీరు అన్ని కొనబట్టే కదా’ అన్న తోక తగిలించకండి. తోక తగిలిస్తే మాట మళ్లీ కార్ల మీదకు పోతుంది, ఆవిడ మళ్లీ వెనక్కి పోతుంది. వెళ్లడం మాత్రం ఇద్దరూ వెళ్లాలి. నింద వేసింది ఆయన నోరు, ఊరుకున్నది మీ నోరు. ఆవిడకు మూడు నెలల జీతం చేతిలో పెట్టండి. మీ ఇంట్లో బొమ్మ పోయిందని ఎవరెవరికి చెప్పారో, ఆ ప్రతి ఇంటికీ వెళ్లి దొరికిందని చెప్పండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాసి ఉంటే అక్కడ కూడా రాయండి. మళ్లీ పనికి రమ్మని అడగవచ్చు. రానంటే బతిమాలకండి, అది ఆవిడ ఇష్టం.

ఇక కార్ల సంగతి. మీ ఉత్తరం చేతికి వచ్చేదాకా నాకు వీటి గురించి ఏమీ తెలియదు. మా అక్క మనవడు ఈ వేటలో ఆరితేరినవాడని గుర్తొచ్చి, వాణ్ని కూర్చోబెట్టి అడిగాను. వాడు రెండు కార్లు నా ముందు పెట్టాడు. రెండూ ఒకే మోడల్, ఒకే సైజు, అసలు కారులో దాదాపు 64వ వంతు. ఒకదాని చక్రాలు ప్లాస్టిక్. రెండోదాని టైరును గోటితో నొక్కమన్నాడు. నొక్కితే సన్నగా లోపలికి దిగి మళ్లీ పైకి వచ్చింది. రబ్బరు! దాని రంగు కూడా వేరు, తేనె సీసాను ఎండలో పెట్టినట్టు లోపలి నుంచి మెరుస్తోంది. దుకాణంలో రెండింటి ధరా ఒకటేనట. ఒకే కొక్కేనికి, ఒకే వరసలో వేలాడతాయట. చాలా చోట్ల అమ్మేవాళ్లకు కూడా తేడా తెలియదట.

వాడు చెప్పిన చరిత్ర ఇది. అమెరికాలో మాటెల్ కంపెనీ 1968లో 16 కార్లతో ఈ బొమ్మలు మొదలుపెట్టింది. 1995లో ఒక కొత్త ఆట తెచ్చింది. ఆ ఏడాది మోడళ్లలో 12 రకాలను కొద్ది సంఖ్యలో చేసి మామూలు పెట్టెల్లో కలిపేసింది. దానికి ట్రెజర్ హంట్ అని పేరు, అంటే నిధి వేట. 2007 నుంచి అందులోనే ఇంకా అరుదైన రకం వచ్చింది. అదే ఈ రబ్బరు టైర్ల సూపర్ ట్రెజర్ హంట్. కారు వెనక అట్ట మీద చిన్న మంట గుర్తు ఉంటుంది. అట్టను పక్కకు వంచి చూస్తే తప్ప కనబడదు. మీ అక్క కొడుక్కి మీరిచ్చిన మూడింటిలో ఒకటి ఇలాంటిదే అయి ఉంటుంది. మీకు అది ఆరు వందల్లో ఒకటి. ఆయనకు రెండేళ్ల శనివారాలు.

ఇక్కడ ఒక విషయం గమనించారా? ఆయన ‘నూట డెబ్బై తొమ్మిది రూపాయల బొమ్మే కదా’ అంటారు. మీరు ‘ఆరు వందల్లో మూడే కదా’ అనుకున్నారు. ఇద్దరూ లెక్కతోనే ఎదుటివారి బాధను కొట్టేశారు. కాపురంలో ఇలాంటి లెక్కలు నేను చాలా చూశాను, ఎప్పుడూ అప్పే తేలుతుంది.

జబ్బా అని అడిగారు. పనికిరాని వస్తువులు కూడా పారేయలేక, గదులు నడవడానికి వీల్లేకుండా నిండిపోయే స్థితి ఒకటి ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని తన నిర్ధారణ గ్రంథంలో ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. మీ ఉత్తరంలో ఆ లక్షణాలు నాకు కనబడలేదు. అలాంటి వారి ఇంట్లో ఏది ఎక్కడుందో వారికే తెలియని పరిస్థితి ఉంటుంది. మీ వారు ఆరు వందల్లో మూడు పోతే పట్టేశారు. అది సేకరించే మనిషి కన్ను.

అలాగని అంతా బాగుందని కూడా అనను. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. ముక్కుతో మీటను పొడిస్తే గింజ పడుతుంది. కానీ ఏ పోటుకు పడుతుందో తెలియకుండా ఏర్పాటు చేస్తే పావురం ఆగకుండా పొడుస్తూనే ఉండేది, గింజలు రావడం ఆపేసినా చాలాసేపటి దాకా మానేది కాదు. పది శనివారాలు ఖాళీ చేతులతో వచ్చి పదకొండో శనివారం ఒకటి దొరికిన మనిషి పన్నెండోసారి ఎందుకు వెళతాడో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఆయన్ని పట్టుకున్నది అలమర కాదు, ఆ కొక్కెం. మీరు అలమర ఖాళీ చేయించినా కొక్కెం దుకాణంలోనే ఉంటుంది. పైగా ఇప్పుడు పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లు కూడా వీటిని అమ్ముతున్నాయి. అర్ధరాత్రి దుప్పటి కింద కూడా వేట సాగుతుంది. అందుకే అన్నీ అమ్మించేసే మార్గం నేను చెప్పను. కక్ష మిగులుతుంది, ఆర్నెల్లలో మళ్లీ మొదటి కారు వస్తుంది.

అసలు ప్రమాదం ఆ 19 వేలలో ఉంది. లెక్క వేయండి. దుకాణం ధరకు ఆ డబ్బుతో నూరుకు పైగా కార్లు వస్తాయి. ఆ నెల ఇంటికి వంద కార్లు వచ్చాయా? సంచిలో దాచినా వంద దాగవు. అంటే ఆయన పొద్దున్నే దుకాణం ముందు నిలబడి కొన్నది కొంచెమే. మిగిలిన డబ్బంతా ఆయనకంటే ముందు వెళ్లి కొక్కేలు ఊడ్చేసి, అదే బొమ్మను ఎన్నో రెట్లకు తిరిగి అమ్మేవాళ్లకు పోయింది. వేటలో ఓడిపోయిన రోజు కట్టిన జరిమానా అది. ఈ అమ్మకందార్లను మా మనవడి లాంటి వాళ్లే తిట్టుకుంటారు, వాళ్ల దగ్గరే కొంటారు.

కాబట్టి మీ వారితో ఒప్పందం ఈ ఒక్క గీత మీద చేసుకోండి: దుకాణం ధరకు దొరికితే కొనండి, మించి ఒక్క రూపాయి కూడా ఎవరికీ పంపవద్దు. నిజమైన వేటగాడికి ఈ షరతు అవమానంగా అనిపించదు, గర్వంగా కూడా ఉంటుంది. నెలకు ఇంత అని ఒక మొత్తం ఇద్దరూ కలిసి అనుకోండి. వాయిదా, బాబు ఫీజు పోయాక మిగిలిన దాంట్లోంచే అది రావాలి. కొన్నది సంచిలో కాకుండా చేతిలో పట్టుకుని ఇంట్లోకి తేవాలి. మీ వైపు నుంచి కూడా ఒక మాట ఇవ్వండి, తెచ్చిన ప్రతిసారీ నుదురు చిట్లించనని. ఇంటికి రాగానే విచారణ మొదలయ్యేచోట ఎవరైనా దాచే తెస్తారు.

ఇదంతా పెట్టుబడి, రేటు పెరుగుతుంది అని ఆయన అంటున్నట్టు రాశారు. నాలుగేళ్లలో ఎన్ని అమ్మారో ఒకసారి మామూలుగా అడగండి. సున్నా అని జవాబు వస్తే నవ్వకండి. ఇష్టమైనవి కొనుక్కున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడి పెద్దవాళ్లు పెట్టుబడి అనే మాట వెనక దాక్కుంటారు. ఇష్టం అని చెప్పుకోగలిగితే దానికి హద్దు కూడా పెట్టుకోగలరు.

అయితే లోన్ యాప్‌లలో అప్పు చేశారని తెలిసినా, ఇంకో నెల వాయిదా తప్పినా, మాట ఇచ్చి రెండుసార్లు తప్పినా ఒప్పందాలతో కాలయాపన చేయవద్దు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి.

బాబు సంగతి రాస్తూ మీరు ఒక మాట అన్నారు. వాడు అలమర ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తాడని. ఆ వాక్యం చదివాక నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అన్నీ పాత పంచె ముక్కల్లో చుట్టి ట్రంకు పెట్టెలో ఉండేవి. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాల్సిందే, దాని కోసం ఆవిడ కూడా ఏడాదంతా వెతికేది. కానీ ఆ గుడ్డ ముక్కలు విప్పే పని మా పిల్లలది. ఒకసారి ఏనుగు తొండం నా చేతిలో విరిగింది. పొనికి చెక్క కదా, బెండులా తేలిక. తిట్టలేదు అంటే అబద్ధం, బాగానే తిట్టింది. తర్వాత మామయ్య చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి ఆ తొండం అతికించాడు. అతుకు కనబడేది. మరుసటి ఏడాది ఆ ఏనుగునే ముందు వరసలో పెట్టింది.

మీ వారికి ఇంకో కథ తప్పకుండా తెలిసే ఉంటుంది, ఈ హాబీలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఇంగ్లండ్‌లో జాక్ ఓడెల్ అనే ఆయన కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే తేనిచ్చేవారట. ఆయన ఆమె కోసం ఇత్తడితో ఒక బుల్లి రోడ్డు రోలరు చేశాడు. తోటి పిల్లలందరికీ అలాంటిదే కావాల్సి వచ్చింది. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ బొమ్మలు అలా పుట్టాయి. ఆ కథ ఆయన నోటితోనే బాబుకు చెప్పించండి. చెప్పడం పూర్తయ్యేసరికి ఆయనకే ఏదో తగులుతుంది, మీరు పక్కన ఉండి వివరించనవసరం లేదు.

ఆరు వందల్లో ఒకేలాంటివి రెండేసి ఉన్నవి కచ్చితంగా ఉంటాయి. ఆ రెండో వాటిని బాబు చేయి అందే ఎత్తులో ఒక అరలోకి మార్చమనండి. అట్ట నుంచి విప్పడం తండ్రి చేతుల మీదుగా, బాబు పక్కన కూర్చుని ఉండగా జరగాలి. మీరు విప్పి ఇవ్వవద్దు, ఇప్పటికే మూడు ఇచ్చారు. అప్పుడప్పుడు శనివారం వాణ్నీ వెంట తీసుకెళ్లమనండి. కింది కొక్కేల్లో వెతకడానికి పొట్టివాడు పనికొస్తాడని మాత్రం కాదు!

మీ అక్క కొడుకు దగ్గరున్న కారును వెనక్కి అడగకండి. ఈ పాటికి రంగు పోయి, రబ్బరు టైరు ఒకటి ఊడి ఉంటుంది. వాడికి అది బహుమతి. మీ వారు రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, గట్టిగా అరవవచ్చు కూడా. అరవనివ్వండి. ఆ అరుపు మీరు తీసుకోవాల్సిందే, ఎందుకంటే ఆయన దానికి బదులు మూడు నెలల కిందట వేరే ఆవిడ మీద అరిచారు.

ముందు ఆవిడ ఇంటికి వెళ్లి రండి. ఆదివారం మధ్యాహ్నమైతే ఇంట్లోనే ఉంటారేమో. మీరిద్దరే వెళ్లండి, బాబును మీ అక్క దగ్గర వదిలి. ఆవిడ ఏమన్నదో నాకు రాయండి. ఒప్పందం సంగతి, అలమర సంగతి ఆ ఉత్తరం చూశాక మాట్లాడుకుందాం.