వక్ఫ్ ఆదాయంతో విశ్వవిద్యాలయాన్ని నడపవచ్చా?

నెల్లూరు జిల్లాలో ఇన్ని మసీదులకూ దర్గాలకూ వక్ఫుగా, అంటే ధర్మకార్యానికి శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తిగా, పొలాలు, అంగళ్ళు ఉండగా ఆ ఆదాయంతో ఒక విశ్వవిద్యాలయాన్ని ఎందుకు పెట్టకూడదని, అందుకు ధర్మంగానీ చట్టంగానీ అడ్డమా అని మీరు అడిగారు. రెండూ అడ్డం కావు. అయితే కొన్నేళ్ళుగా మా మసీదు కమిటీ లెక్కలు రాస్తున్నవాడిగా, మన వక్ఫులకు ఇప్పుడు చేతనయ్యేది విశ్వవిద్యాలయం పెట్టడం కాదనీ, ఉన్నవాటిలో చదివే పిల్లల ఫీజులు కట్టడమేననీ నా అభిప్రాయం.

చదువు కోసం వక్ఫ్ చేయడం పాత సంప్రదాయమే. బాగ్దాదులో సెల్జుక్ వజీరు నిజాముల్ ముల్క్ 1067లో తెరిచిన నిజామియా మదరసా ఇలా రాసిచ్చిన ఆస్తుల ఆదాయం మీదే నడిచింది. మన దేశంలో హకీం అబ్దుల్ హమీద్ 1948లో హమ్‌దర్ద్ మందుల సంస్థను వక్ఫ్ చేయగా, ఆ లాభాలతో పెరిగిన విద్యాసంస్థలు 1989లో జామియా హమ్‌దర్ద్ అనే డీమ్డ్ విశ్వవిద్యాలయంగా రూపొందాయి. అయితే ఆయన వక్ఫ్ చేసింది ఏటేటా లాభం తెచ్చే వ్యాపారాన్ని. మన చేతిలో ఉన్నవి ఎక్కువగా బాడుగ పెరగని అంగళ్ళు.

చట్టం సంగతికి వస్తే, 1995 నాటి వక్ఫ్ చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం మిగులు ఆదాయాన్ని వక్ఫ్ ఉద్దేశానికి తగినట్లు ఎలా ఖర్చు చేయాలో రాష్ట్ర వక్ఫ్ బోర్డు నిర్దేశించవచ్చు. అసలు ఉద్దేశం నెరవేరే వీలు లేనప్పుడు దానికి దగ్గరి పనికో, పేదలకో, ముస్లింలలో విద్యాభివృద్ధికో ఆ డబ్బును మళ్ళించవచ్చు. సంతానం పేర రాసిన వక్ఫులో వంశం అంతరిస్తే ఆదాయాన్ని విద్య, సంక్షేమం వంటి వాటికి వినియోగించాలని 2013 సవరణ చెబుతోంది. కాబట్టి ముందుగా చూడవలసింది దాత రాసిచ్చిన పత్రం, అంటే వక్ఫ్‌నామా. నమాజు చదివించే పేష్ ఇమాం జీతానికీ మసీదు దీపానికీ అని రాసిచ్చిన పొలం మీద వచ్చేదాన్ని, ఆ అవసరం ఉండగానే కాలేజీకి ఇస్తే దాత మాట జవదాటినట్లే. అవి పోగా మిగిలినదాని గురించే మనం మాట్లాడుకోవాలి.

ఆ మిగులే మన దగ్గర పలచన. మా మసీదుకు కొంత మాగాణి, బజారులో కొన్ని అంగళ్ళు ఉన్నాయి. పొలం కౌలును మా పెద్దలు ఇన్ని పుట్ల వడ్లు అన్న లెక్కన ఖాయం చేశారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు గనుక, వడ్ల ధర పెరిగినప్పుడల్లా కౌలు ఆదాయమూ దానంతటదే పెరుగుతూ వచ్చింది. అంగళ్ళ బాడుగ రూపాయల్లో రాసుకున్నది కావడంతో ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. ఒక బాడుగదారు మాకు ఇచ్చేదానికి ఎన్నో రెట్లు తీసుకుని అదే అంగడిని మరొకరికి ఇచ్చుకున్నాడు. రసీదు పుస్తకంలో మాత్రం నేటికీ అతని తండ్రి పేరు, అప్పటి బాడుగే కనిపిస్తాయి. అడిగితే కోర్టుకు పొమ్మంటాడు. దీనికి తోడు బోర్డుకు కట్టే వాటా ఒకటి ఉంటుంది. ఏడు శాతంగా ఉన్న ఆ వాటా గరిష్ఠ పరిమితిని 2025 సవరణ ఐదు శాతానికి తగ్గించడం మా వంటి చిన్న వక్ఫులకు కొంత ఊరటే.

ఖాళీ వక్ఫ్ స్థలంలో కాలేజీ కట్టిద్దామనేవారు కూడా ఉన్నారు. విద్యాసంస్థలకు ముప్పై ఏళ్ళ వరకు లీజుకు ఇచ్చే వీలును 2013 సవరణ కల్పించింది. స్థలం వక్ఫుదిగానే ఉంటుంది. భవనం లేచినా జీతాలు ఎవరిస్తారన్నది నాకు తేలని ప్రశ్న. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగనాడు చదువు రావాలని కోరుకుని చదువు రొట్టె పట్టేవారిని ఏటా చూస్తూనే ఉన్నాం, వారికి కావలసింది భవనం కాదు.

మేము చేస్తున్నది చిన్న పని. ఖర్చులు పోను కౌలులో మిగిలినదాన్ని, బోర్డు అనుమతితో, డిగ్రీ, పీజీ చదివే పేద పిల్లల ఫీజుకు కేటాయిస్తున్నాం. బోనఫైడ్ సర్టిఫికెట్ చూసి, సొమ్మును విద్యార్థి చేతికి ఇవ్వకుండా కాలేజీ ఖాతాకే జమ చేసి, ఆ రసీదును ఆడిట్ కోసం దాచుతున్నాం. అంగళ్ళకు కొత్త లీజులు కుదిరితే, అందులో ఏటా బాడుగ పెరిగే షరతు రాయించి, ఆ పెంపును కూడా ఇదే ఖాతాలో వేయాలని కమిటీ తీర్మానించింది.