నది మీంచి వచ్చారు, ఇంట్లోకి ఇంకా రాలేదు

ప్రశ్న: మేము మినియాపోలిస్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. అత్తగారు ఆర్నెల్లు ఉందామని వచ్చారు. మావారు క్యాన్సర్ పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేస్తూ మిసిసిపీ నది మొత్తం కయాక్‌లో తెడ్డు వేసుకుంటూ వెళ్ళొచ్చారు. 74 రోజులు, జీతం లేని సెలవు. మధ్యలో మా ఊరి జలపాతం దగ్గర నేనూ పిల్లలూ పడవ మోశాం. ఆ ఒక్క రాత్రి ఇంట్లో పడుకుని తెల్లారేసరికి వెళ్ళిపోయారు. యాత్ర ముగించి వచ్చి నెల కావస్తోంది. మంచం మీద పడుకోరు, వెనక డెక్ మీద పడుకుంటారు. పిల్లలు ఒక మాట రెండుసార్లు అడగాలి. గ్లాసు ఇస్తే జారవిడుస్తారు, గిన్నెలు కడగమంటే వేళ్ళు తిమ్మిరి అంటారు. నది మీద కలిసినవాళ్ళతో మాత్రం ఫోన్లో గంటలు గంటలు. గుళ్ళో సన్మానం చేస్తే దారిలో అన్నం పెట్టినవాళ్ళందరి పేర్లూ చెప్పారు, నా పేరు తప్ప. ఇప్పుడు మిస్సోరీ నది మ్యాపులు చూస్తున్నారు. నేను నోరెత్తితే అత్తగారు 'పుణ్యం చేసుకొచ్చినవాణ్ణి విసిగించకమ్మా' అంటారు. కోపం వస్తోంది. వచ్చినందుకు సిగ్గూ వేస్తోంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీ కోపం సంగతి. జబ్బు పిల్లల కోసం వెళ్తానంటే ఏ భార్య వద్దనగలదు? వద్దంటే తనే చెడ్డదవుతుంది. కాదనే వీలు లేకుండా అడిగితే అది అడిగినట్టు కాదు. మీరు సరేనన్నారు గానీ ఒప్పుకున్నారో లేదో మీకే తెలియదు. ఆ బాకీయే ఇప్పుడు కోపంగా బయటికొస్తోంది. ఇక పుణ్యం మాట. మొగుడి పుణ్యంలో పెళ్ళానికి సగం అంటారు మనవాళ్ళు. మరి ఈ 74 రోజుల చాకిరీలో ఆయన సగం ఏదీ? ఈ మాట అత్తగారితో అనమని చెప్పడం లేదు, నాకు అనిపించి రాశాను.

ఆయన వైపూ చూడాలి. ఇటాస్కా సరస్సు దగ్గర రాళ్ళ మీద అడుగులేసుకుంటూ దాటేసే పిల్లకాలువలా మొదలై, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసేసరికి ఆ నది దాదాపు 2,340 మైళ్ళు. మన గోదావరికి రెండున్నర రెట్లు. అన్నాళ్ళూ ఆయన బుర్రలో ఉన్నవి రెండు మూడు ప్రశ్నలే. గాలి ఎటు తిరిగింది, వెనక బార్జీ (పెద్ద సరుకు పడవ) వస్తోందా, చీకటిపడే లోపు టెంటు వేసుకోవడానికి ఇసుక తిన్నె దొరుకుతుందా. సాయంత్రానికల్లా జవాబు తేలిపోయేది. ఇంటి లెక్కలు అలా తేలవు కదా! దానికితోడు ఆ నది పొడుగునా 'రివర్ ఏంజెల్స్' అని పడవవాళ్ళకి అన్నం పెట్టి, పక్క వేసి పంపేవాళ్ళుంటారు. వాళ్ళ దగ్గర ఆయన అతిథి. ఇంట్లో మాత్రం చెత్తబుట్ట బయట పెట్టాల్సిన మనిషి. పెద్ద పని ముగిశాక మనిషి డీలా పడటం కొత్తేమీ కాదు. చంద్రుడి మీద నడిచొచ్చిన బజ్ ఆల్డ్రిన్ కూడా తర్వాత డిప్రెషన్‌తో, తాగుడుతో అవస్థ పడ్డాడు.

నాకు బాగా తెలిసింది గల్ఫ్ దేశాల నుంచి మగవాళ్ళు తిరిగొచ్చిన కరీంనగర్, కోనసీమ ఇళ్ళ సంగతి. ఇంటాయన లేకుండా నడవాలి కాబట్టి ఇల్లు నడవడం నేర్చుకుంటుంది. పిల్లాడు సంతకానికి అమ్మ దగ్గరికే వెళ్తాడు. తండ్రి అరుగు మీద చుట్టంలా కూర్చుంటాడు, నాలుగు రోజులకి మళ్ళీ వీసా కోసం తిరుగుతాడు. మీ ఇంట్లో వీసా బదులు మిస్సోరీ మ్యాపులు.

అందుకే ఆయనకి విశ్రాంతి ఇవ్వకండి, పని ఇవ్వండి. 'కాస్త సాయం చెయ్యి' అని కాదు, ఒక పని మొత్తం అప్పజెప్పేయండి. పిల్లల లంచ్ బాక్సులు, వారాంతపు తెలుగు బడి, ఏదైనా. తర్వాత మీరు వేలు పెట్టకూడదు. పులిహోరలో పోపు మాడినా సరే, పిల్లలు తింటారు, లేదా ఆయనకే చెప్తారు. మీకు ఇదే కష్టమని నా అనుమానం.

గిన్నెల విషయంలో మాత్రం ఆయన్ని నమ్మండి. రోజుల తరబడి తెడ్డు పట్టుకున్న చేతికి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కొచ్చు, పట్టు తగ్గొచ్చు. నెలైనా తగ్గలేదంటే డాక్టరుకి చూపించాల్సిందే. డెక్ మీద పడకకి కంగారు పడకండి, చలి ముదిరితే ఆయనే లోపలికొస్తారు.

మీ మాట ఎప్పుడు చెప్పాలి? రాత్రి పిల్లలు పడుకున్నాక, అలసిపోయి ఉన్నప్పుడు వద్దు. ఎదురెదురుగా కూర్చునీ వద్దు. ఇద్దరే నడకకి వెళ్ళండి. నది మీద ఏదో ఒక్క రోజు గురించి అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. తర్వాత మీ 74 రోజుల్లోంచి ఒక్క రోజు చెప్పండి, జ్వరమో, కారు మొరాయించడమో. దాన్ని దెప్పుగా కాక, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆ వేసవి మీకెలా గడిచిందో ఆయనకి నిజంగానే తెలియదు. పేరు చెప్పలేదన్న బాధ కూడా దాచొద్దు. 'మళ్ళీ ఎక్కడైనా మాట్లాడితే నా పేరు చెప్పండి' అని నేరుగా అడగండి. అడిగి చెప్పించుకుంటే విలువేముంటుంది అంటారేమో, ఉంటుంది.

మిస్సోరీకి ఇప్పుడు సరే అనొద్దు, వద్దనీ అనొద్దు. ఆర్నెల్ల దాకా ఆ ఊసెత్తకూడదని ఇద్దరూ ఒప్పుకోండి. ఆ తర్వాత అడిగితే, ఈసారి కాదనే వీలు మీకుండాలి.

ఒక జాగ్రత్త. రెండు వారాలకి మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తాగుడు పెరగడం, ఆఫీసు ఎగ్గొట్టడం కనిపిస్తే నా ఉత్తరాలతో సరిపెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చావు మాట ఎత్తితే ఆ క్షణమే అమెరికా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

ఇంకొకటి. మీ ఊళ్ళో సెయింట్ ఆంథొనీ జలపాతం దగ్గర లాక్‌ను, అంటే పడవల్ని నీటితో పాటు ఎత్తి దించే గేట్ల గదిని, 2015లోనే మూసేశారు, పడవని మోసుకుపోవడమే దారి. అక్కడ ఒక కొస మీరు పట్టుకున్నారు. ఆ పడవ ఇప్పుడు మీ గ్యారేజీలో కారు జాగా ఆక్రమించుకునే ఉండుంటుంది. మంచు పడే లోపు గోడకి ఎక్కించమనండి. ఆ చేతులతో ఒక్కరే ఎత్తలేరు, ఇంకో కొస మీరు పట్టండి.