ఐదుగురు కలిసి లండన్ చూడబోయే ముందు

కూకట్‌పల్లి నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి లండన్ వెళ్తున్నాను. మా కాలేజీ ఫ్రెండ్స్ నలుగురు కూడా వస్తున్నారు. మొదటి శనివారం అందరం కలిసి ఊరు చూద్దామనుకుంటున్నాం. ఏమేం చూడాలి, ఎంత పట్టుకెళ్లాలి?"

చెల్లీ, ఏం చూడాలో తర్వాత చెప్తా. ముందు డబ్బు ఎవరు కడతారో తేల్చుకోండి. నువ్వు ఈ మాట అడగలేదు. 2016లో నేనూ అడగలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నాది నల్లకుంట. ఇరానీ హోటల్లో నాలుగు చాయ్‌లు, ఒక ప్లేట్ ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక "నేనిస్తా, నేనిస్తా" అని కౌంటర్ దగ్గర తోసుకోవడం మన అలవాటు. ఈరోజు నేనిస్తే రేపు నువ్విస్తావు, ఎవరూ రాసుకోరు. నేను ఆ అలవాటుతోనే లండన్‌లో దిగాను.

మొదటి శనివారం ఐదుగురం టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోటకి వెళ్లాం. టికెట్ కౌంటర్ దగ్గర ఒకరి కార్డు పనిచేయలేదు, ఒకరికి ఇంకా బ్యాంకు అకౌంటే లేదు. నాన్న పౌన్లు వేయించి ఇచ్చిన ఫోరెక్స్ కార్డు నా చేతిలో ఉంది. "నేను కడతాలే" అన్నాను. లోపల, మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ చూశాం. కదిలే పట్టీ మీద నిలబడి చూడాలి, చూస్తుండగానే అది వెనక్కి వెళ్లిపోయింది. సాయంత్రం ఇండియన్ రెస్టారెంట్లో భోజనం. అక్కడా నా కార్డే. బిల్లు కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. టికెట్లు, భోజనం కలిపి 190 పౌన్లు. అప్పటి రేటు ప్రకారం పదహారు వేల రూపాయల పైమాటే.

వాళ్లలో ఒకరు మర్నాడే ఇచ్చేశారు. ఒకరు వారం తర్వాత సగం ఇచ్చారు. మిగతా ఇద్దరూ మర్చిపోయారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆ రోజు ఎంతయిందో వాళ్లకి తెలియదు. నేను చెప్పలేదు, మొహమాటం. నెలాఖరుకి అద్దెకి డబ్బు తక్కువ పడింది. నాన్నకి ఫోన్ చేసి ఇరవై వేలు పంపమన్నాను. "అప్పుడే అయిపోయాయా అమ్మా?" అన్నారు. ఇంకేమీ అనలేదు, పంపించేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆ తర్వాత రెండు నెలలు ఫ్రెండ్స్ ఎటు రమ్మన్నా అసైన్‌మెంట్ ఉందని చెప్పి రూమ్‌లో కూర్చున్నాను.

ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) ప్రయాణంలోనూ డబ్బు పోగొట్టుకున్నాను. పొద్దున కార్డు ట్యాప్ చేసి లోపలికి వెళ్లి, దిగేటప్పుడు ఫోన్ ట్యాప్ చేశాను. రెండిట్లో ఉన్నది ఒకే కార్డు కదా అనుకున్నా. రైలు వాళ్ల లెక్కలో అవి రెండూ వేర్వేరు, రెండు ప్రయాణాలూ పూర్తికానట్టే. రెండిటికీ గరిష్ఠ ఛార్జీ పడింది. పొద్దున దేనితో ఎక్కితే రాత్రి దాకా దానితోనే తిరుగు, అప్పుడే రోజువారీ పరిమితి, అంటే ఒక రోజుకి అంతకు మించి ఛార్జీ పడని హద్దు, నీకు వర్తిస్తుంది. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు. బస్సుల్లో నగదు తీసుకోరు. మొదట ట్యాప్ చేసిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకే ఛార్జీ. మిగతా రూల్స్, రేట్లు లండన్ రవాణా సంస్థ (TfL) వెబ్‌సైట్లో ఉంటాయి, చూసుకో.

ఇక చూడాల్సినవి. టవర్ లోపలికి టికెట్ ఇప్పుడు ముప్పై పౌన్లు దాటింది, అది చలికాలం తర్వాత చూడొచ్చు. 1894లో కట్టిన టవర్ బ్రిడ్జి మీద నడవడానికి పైసా అక్కర్లేదు. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డు వెంబడి నడుచుకుంటూ, పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్ దాకా వెళ్లండి. మీ వయసుకి అది పెద్ద నడకేం కాదు. దారిలో ఆధునిక కళల మ్యూజియం టేట్ మోడర్న్ ఫ్రీ, నది దాటాక ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పాత చిత్రాలుండే నేషనల్ గ్యాలరీ ఫ్రీ. డబ్బాలో పులిహోర పెట్టుకుని పార్కులో తినండి, రెస్టారెంట్ వద్దు. గొడుగు మర్చిపోవద్దు.

బ్రిటిష్ మ్యూజియం కూడా ఫ్రీయే. అందరూ ఈజిప్టు మమ్మీల దగ్గరికి పరుగెత్తుతారు. మీరు 33ఎ గదికి వెళ్లండి, అద్దాల వెనక అమరావతి స్తూపం శిల్పాలుంటాయి. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి వాటిలో చాలా ఉన్నాయి. పోయిన ఏడాది అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఒక పలక ముందు పావుగంట నిలబడింది. పలక మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంది, చుట్టూ మొక్కుతున్న మనుషులు. "కృష్ణ ఒడ్డున ఉండాల్సింది ఇక్కడుందేంటే" అంది. నాకు జవాబు తోచలేదు.

నాన్న పంపిన ఆ ఇరవై వేల తర్వాత, ఈ పదేళ్లలో మళ్లీ ఎవరి దగ్గరా చేయి చాపకుండా చదువు ముగించి, ఉద్యోగం చేసి, ఇల్లు కొనుక్కున్నాను. ప్రతి పౌనూ రాసుకోవడం ఆ రెండు నెలల్లోనే నేర్చుకున్నాను. నువ్వు అంత కష్టపడి నేర్చుకోనక్కర్లేదు. శుక్రవారం రాత్రే ఐదుగురూ కూర్చుని తలా ఎంత పెట్టగలరో అనుకోండి. తక్కువ చెప్పినవాళ్ల అంకెనే అందరికీ పెట్టుకోండి. ఒకరే కట్టాల్సి వస్తే బిల్లు ఫోటో తీసి, టేబుల్ దగ్గర నుంచి లేవకముందే గ్రూపులో పెట్టు. తిరుగు ట్రైన్‌లో కూర్చోగానే ఎవరి వాటా వాళ్లని ట్రాన్స్‌ఫర్ చేయమను. స్టేషన్‌లో దిగేలోపు లెక్క అయిపోవాలి.