విడదీసి సంచీలో సర్దుకునే రైఫిల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉన్న మన పాఠకుల నుంచి ఈసారి ఒకే విషయం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. అక్కడ సర్వైవల్ రైఫిల్ (ఆపదలో బతికి బయటపడటానికి పనికొచ్చేది) అని అమ్మే చిన్న .22 తుపాకుల గురించి. .22 అంటే తూటా వెడల్పు, అంగుళంలో నూటికి 22 వంతులు. ముక్కలుగా విడదీస్తే వీపు సంచీలో పట్టేస్తాయి, అడవిలో దారి తప్పినా, విమానం దిగకూడని చోట దిగినా కుందేలునో పిట్టనో కొట్టుకుని నాలుగు రోజులు నెట్టుకురావచ్చు అన్నది వీటి ఉద్దేశం. ఇక్కడి నుంచి కూడా రెండు మూడు ప్రశ్నలు వచ్చాయి, వాటినీ కలిపేశాం.

ప్రశ్న: అలాస్కాలో ఆంకరేజ్‌లో ఉంటున్నాం, గ్రీన్‌కార్డు ఉంది. వేసవిలో చిన్న విమానంలో మారుమూల చెరువులకి చేపల వేటకి వెళ్తుంటాం. ఒక టేక్‌డౌన్ (విడదీసే) రైఫిల్ దగ్గర పెట్టుకోమని మా పైలట్ అంటున్నాడు. హెన్రీ ఏఆర్-7 మంచిదా, రుగర్ 10/22 టేక్‌డౌన్ మంచిదా? ఎలుగుబంటి వస్తే పనికొస్తుందా?

జవాబు: ముందు ఎలుగుబంటి సంగతి. పనికిరాదండీ. .22 తూటాలో సీసం ముక్క రెండున్నర గ్రాములు దాటి కొంచెం ఉంటుంది, అంతే. అలాస్కా గోధుమరంగు ఎలుగుని అది ఆపదు, గాయపరిచి రెచ్చగొడుతుంది. దానికి బేర్ స్ప్రే (ఎలుగుని తరిమే ఘాటు స్ప్రే) నడుముకే కట్టుకుని ఉండాలి, సంచీ అడుగున కాదు. ఇంకో మాట, ఫోను సిగ్నల్ లేని చోటు నుంచీ కబురు పంపే శాటిలైట్ మెసెంజర్ ఇంకా కొనకపోయి ఉంటే ముందు అది కొనండి, రైఫిల్ తర్వాత. తప్పిపోయినవాళ్లని ఇంటికి చేర్చేది ఎక్కువసార్లు కబురే.

ఇక ఈ రెండింటిలో ఏదంటే, బరువూ చోటూ మాత్రమే చూస్తే ఏఆర్-7. మూడున్నర పౌండ్లు, అంటే దాదాపు 1.6 కిలోలు. బ్యారెల్ (గొట్టం), రిసీవర్ (పేల్చే యంత్రం ఉండే మధ్య భాగం), మ్యాగజైన్లు (తూటాల డబ్బాలు) అన్నీ దాని ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించే భాగం) లోపలే సర్దుకుంటాయి, అప్పుడు మొత్తం పొడవు పదహారున్నర అంగుళాలు. విమానం సీటు కింద పెట్టి మర్చిపోవచ్చు. అయితే ఆ మర్చిపోవడమే దానితో ఇబ్బంది. స్టాక్ లావుగా ఉంటుంది, చెంప సరిగ్గా ఆనదు, ముందు చెయ్యి పెట్టుకోవడానికి కర్ర భాగం ఉండదు, ట్రిగ్గర్ బరువు. పేల్చడం సరదాగా ఉండదు కాబట్టి జనం కొని రెండు పెట్టెల తూటాలు కాల్చి అటక మీద పెట్టేస్తారు. ప్రాక్టీసు లేని రైఫిల్‌తో, చలికి వణికే చేతులతో, ముప్పై గజాల్లో ఉన్న కుందేలుని కొట్టడం చాలా కష్టం.

రుగర్ దాదాపు ఒక పౌండు ఎక్కువ బరువు, రెండు ముక్కలే అవుతుంది, పొడవైన ముక్క 20 అంగుళాల దాకా ఉంటుంది. కానీ చేతిలో పట్టుకుంటే అది అసలైన రైఫిల్. 10/22 అనే మోడల్ 1964 నుంచీ ఉంది, విడిభాగాలు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, టేక్‌డౌన్ రకం 2012లో వచ్చింది. దీనిలో నాకు బాగా నచ్చేది, షాపులో పెద్దగా ఎవరూ చెప్పనిది ఒకటుంది. మామూలు మోడల్‌లో గురి చూసుకునే ముందు సైటూ వెనక సైటూ రెండూ బ్యారెల్ మీదే ఉంటాయి. అందుకని విడదీసి మళ్లీ బిగించినప్పుడు అతుకు వెంట్రుక వాసి అటూ ఇటూ అయినా గురి చెదరదు. ఏఆర్-7లో ముందు సైటు బ్యారెల్ మీద, వెనకది రిసీవర్ మీద. అతుకు తేడా వస్తే గురీ తేడా వచ్చినట్టే. ఇదే లెక్క స్కోపుకి కూడా వర్తిస్తుంది. రుగర్ మీద స్కోపు పెడితే అది రిసీవర్ మీద కూర్చుంటుంది కాబట్టి, తీసి పెట్టిన ప్రతిసారీ ఒకసారి సరిచూసుకోవాలి. ఏఆర్-7కి స్కోపు పెట్టారంటే మళ్లీ స్టాక్‌లో పట్టదు, ఇంక ఆ రైఫిల్ కొనడం ఎందుకు?

మీరు ప్రతి వేసవీ వెళ్తామన్నారు, నేలమీద కూడా తిరుగుతారు, కాబట్టి నా ఓటు రుగర్‌కి. తుప్పు పట్టని స్టీలు బ్యారెల్ ఉన్నది చూడండి. పైలట్ గారికైతే ఏఆర్-7 సరే. మార్లిన్ వాళ్ల పపూస్ అని ఇంకోటి తేలిక రకం ఉంది, సెకండ్ హ్యాండ్‌లో మంచిది కనబడితే వదలకండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఒక గన్ షోలో (తుపాకుల సంతలో) పాత ఏఆర్-7 కొన్నాను. రెండు తూటాలకొకసారి ఇరుక్కుపోతోంది. తూటా లోపలికి సరిగ్గా వెళ్లట్లేదు. అమ్మేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. ఈ రైఫిల్‌కి పాతకాలం నుంచీ చెడ్డపేరు ఉంది. 1959లో ఆర్మలైట్ కంపెనీ తెచ్చింది, తర్వాత చార్టర్ ఆర్మ్స్, ఇంకొందరు చేశారు, 1990ల చివరి నుంచి హెన్రీ చేస్తోంది. మధ్యలో తయారైన వాటిలో నాణ్యత ఎగుడుదిగుడుగా ఉంది, హెన్రీ వచ్చాక బాగుపడింది. మీది ఎవరి తయారీయో రిసీవర్ మీద చూడండి.

ఏ పని మొదలుపెట్టినా ముందు మ్యాగజైన్ తీసేయండి, బోల్టు (తూటాని లోపలికి తోసే ఇనప ముక్క) వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) కళ్లతో చూడండి, చిటికెన వేలుతో తడిమి కూడా చూడండి. మ్యాగజైన్ ఖాళీ అయిపోయినా దీని బోల్టు వెనక్కి ఆగదు, కాబట్టి బోల్టు మూసి ఉంటే లోపల ఏమీ లేదనుకోవడానికి వీల్లేదు.

తర్వాత బ్యారెల్‌ని రిసీవర్‌కి బిగించే నట్టు. నూటికి సగం కంప్లయింట్లు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం. బ్యారెల్ మీద ఉన్న చిన్న పొడుపు రిసీవర్ గాడిలో కూర్చోవాలి, కూర్చున్నాక నట్టు చేత్తో గట్టిగా బిగించాలి. కాల్చే కొద్దీ వదులవుతుంది, ఒక పెట్టె అయ్యాక మళ్లీ బిగించాలి. పట్టకారు మాత్రం వాడొద్దు, రిసీవర్ తేలిక లోహం, మరలు అరిగితే ఇంక మనం చేయగలిగింది లేదు.

అది సరిగ్గా ఉన్నా ఇరుక్కుంటుంటే మ్యాగజైన్ పెదవులు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) చూడండి. ఏ కొంచెం వంగినా తూటా ముక్కు ఛాంబర్ అంచుకి తగిలి ఆగిపోతుంది. వాటిని వంచి సరిచేయాలని చూడకుండా కొత్త హెన్రీ మ్యాగజైన్ ఒకటి తెప్పించి, మీ పాత రైఫిల్‌లో సరిగ్గా కూర్చుంటుందో లేదో పేల్చి చూడండి. తూటాలు కూడా ముఖ్యం. గుండ్రటి ముక్కు, 40 గ్రెయిన్ (తూటా బరువు కొలత), హై వెలాసిటీ (ఎక్కువ వేగం) అని రాసినవి వాడండి. చదును ముక్కువీ, నెమ్మదిగా పోయే టార్గెట్ రకాలూ దీనికి పడవు, ఆ బలానికి బోల్టు పూర్తిగా వెనక్కి పోదు.

ప్రశ్న: హ్యూస్టన్ నుంచి రాస్తున్నాను. ఎంత నూనె పెట్టినా బ్యారెల్ మీద తుప్పు చుక్కలు వస్తున్నాయి. ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?

జవాబు: నూనె తక్కువై కాదు, సంచీ వల్ల వచ్చి ఉంటుంది. టేక్‌డౌన్ రైఫిల్‌తో వచ్చే గుడ్డ సంచీ మోసుకెళ్లడానికే, నెలల తరబడి దాచడానికి కాదు. ఆ స్పాంజి గాలిలో తేమని పీల్చి ఇనుముకి ఆనించి పెడుతుంది, మీ ఊరి ఉక్కపోతలో అయితే చెప్పక్కర్లేదు. తాళం వేసే ఇనప పెట్టెలో విడిగా నిలబెట్టండి, తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి అప్పుడప్పుడూ మార్చండి. తాళం సంగతి ఇంట్లో పిల్లలున్నారో లేదో చూసుకుని పాటించేది కాదు, తప్పనిసరి.

.22 తూటాల సీసానికి మైనం పూత ఉంటుంది, మందు జిడ్డుగా కాలుతుంది. ఆ మసి ఎక్కువగా పేరుకునేది బోల్టు ముఖం మీద, ఛాంబర్‌లో, ఖాళీ తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద. పాత టూత్‌బ్రష్‌తో అవి తుడిస్తే సగం పని అయిపోయినట్టే. బ్యారెల్ లోపల ఊరికే ఇత్తడి బ్రష్‌తో రుద్దుతూ ఉండక్కర్లేదు, నూనె గుడ్డ ఒకసారి, పొడి గుడ్డ రెండుసార్లు చాలు. టేక్‌డౌన్ ఉన్న సుఖం ఇక్కడే తెలుస్తుంది. మామూలు 10/22ని ముందు మూతి వైపు నుంచే శుభ్రం చేయాల్సి వస్తుంది, రాడ్డు తగిలి మూతి అంచు అరిగితే గురి పోతుంది. టేక్‌డౌన్‌ని అయితే విడదీసి వెనక నుంచి, తూటా పోయే దారిలోనే రాడ్డు పంపొచ్చు.

అతుకు భాగాలు మాత్రం ప్రతిసారీ తుడవండి. ఇసుక రేణువు ఒకటి ఉన్నా బ్యారెల్ పూర్తిగా కూర్చోదు. రుగర్‌లో అతుకు దగ్గర గరుకు అంచున్న రింగు ఒకటి ఉంటుంది, బిగువు సరిచేసేది అదే. కొత్తలో ఒకసారి, తర్వాత చేతికి వదులుగా అనిపించినప్పుడల్లా కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో సరిచేసుకోండి. మీ హ్యూస్టన్ దగ్గరి గల్ఫ్ తీరంలో ఉప్పునీటిలో తడిస్తే ముందు మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టి అప్పుడు నూనె. తడి మీద నూనె రాస్తే తేమ లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. గ్రీన్‌కార్డున్న మా ఫ్రెండ్ తన పేరుమీద కొని ఇస్తానంటున్నాడు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని కూడా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాలని ఉంది.

జవాబు: తమ్ముడూ, రెండూ వద్దు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, హెచ్4, విజిటర్ లాంటి తాత్కాలిక వీసాలతో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనవాళ్లకి అందుబాటులో ఉండేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. అది చేతిలో ఉంటే నువ్వే, నీ పేరుమీదే, ఫారం నింపి కొనుక్కోవచ్చు. పైన నీ రాష్ట్రం రూలు వేరే ఉండొచ్చు, ఇల్లినాయిస్, న్యూజెర్సీ లాంటి చోట్ల విడిగా కార్డు కావాలి. ఫ్రెండ్ నీ కోసం కొంటూ తనకోసమే అని ఫారంలో రాస్తే అది స్ట్రా పర్చేజ్, 2022లో వచ్చిన చట్టం దానికి 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పేల్చినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. అమ్మానాన్నలు ముచ్చటపడి ఫోటో దిగితే ఆ ఫోటోనే సాక్ష్యం అవుతుంది. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేసే అధికారం కూడా వాళ్లకుంది. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న వీసాని దీనికోసం పణంగా పెట్టకు.

ప్రశ్న: ఎన్‌సీసీలో .22 రైఫిల్ పేల్చాను. ఇలా విడదీసే రైఫిల్ ఆలోచన ఎవరికి వచ్చింది? (విజయవాడ)

జవాబు: విడదీసే .22లు అంతకుముందే ఉన్నాయి గానీ, ఈ సర్వైవల్ ఆలోచన బలపడింది పైలట్ల కోసం. అమెరికా వాయుసేన 1950లలో ఎం6 అనే మడతపెట్టే తుపాకీ ఇచ్చేది, పైన .22 హార్నెట్ (అదే వెడల్పులో బలమైన తూటా) గొట్టం, కింద రవ్వలు చిమ్మే .410 షాట్‌గన్ గొట్టం. మంచులో చేతి తొడుగులు తీయకుండానే నొక్కగలిగేలా ట్రిగ్గర్ బదులు పొడవాటి పట్టీ పెట్టారు. ఆర్మలైట్‌లో యూజీన్ స్టోనర్ ఇంకా తేలికైన ఏఆర్-5 తయారుచేశాడు, వాయుసేన 1956లో ఎంచుకుంది కానీ పాతవే నిల్వ ఉండటంతో పెద్దగా కొనలేదు. ఆ ఆలోచననే జనం కోసం మామూలు చిన్న .22 తూటాకి మారిస్తే ఏఆర్-7 అయింది. ప్రసిద్ధమైన ఏఆర్-15 రైఫిల్ తయారుచేసిన స్టోనర్ కూడా ఆయనే. సోవియట్ వ్యోమగాములకీ ఇలాంటిది ఉండేది. 1965లో లియోనోవ్, బెల్యాయెవ్ దిగాల్సిన చోటు తప్పి మంచు అడవిలో చిక్కుకున్నారు. ఆ అనుభవంతో తర్వాత వ్యోమగాముల కోసం చేసిన టీపీ-82 అనే తుపాకీకి మూడు గొట్టాలు, దాని స్టాకే కత్తిగా పనికొచ్చేది.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. అడవిపందులు మొక్కజొన్న పాడుచేస్తున్నాయి. మా తమ్ముడు అమెరికా నుంచి ఇలాంటిది బహుమతిగా తేవచ్చా?

జవాబు: కుదరదు. ఇక్కడ .22 రైఫిల్‌కి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, లగేజీలో బహుమతిగా తుపాకీ తెస్తే ఎయిర్‌పోర్టులోనే కేసు. పైగా పందికి .22 చాలదు, గాయపడిన పంది మనుషుల మీదికి వస్తుంది. అనుమతి లేకుండా కొడితే వన్యప్రాణి చట్టం కేసు వేరే. అటవీశాఖకి అర్జీ పెట్టండి, పంట నష్టం ఫోటోలతో సహా.

తమ్ముడికి ఇంకో మాట కూడా చెప్పండి. అక్కడ రేంజ్‌కి వాడిన సంచీలో ఒక్క తూటా మిగిలిపోయి ఇక్కడ స్కానింగ్‌లో బయటపడితే పోలీసు కేసు అవుతుంది. తెలియక ఉండిపోయిందని హైకోర్టుకి వెళ్లి కేసు కొట్టేయించుకున్నవాళ్లు ఉన్నారు, కానీ ఈలోపు సెలవులు అయిపోతాయి, టికెట్లు పోతాయి, ఉద్యోగం టెన్షన్. రేంజ్‌కి వాడే సంచీ వేరు, ప్రయాణం సంచీ వేరు పెట్టుకోమనండి. ఆ సంచీ ఇప్పటికే రెండింటికీ వాడేసి ఉంటే, బయల్దేరేముందు జిప్పులన్నీ తీసి, లోపలి గుడ్డ తిరగేసి దులిపి చూడమనండి.