బీఎస్సీ జియాలజీతో ఆపితే కష్టమే

ప్రశ్న: మాది కడప. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది, జియాలజీ చదువుతానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా? ఆడపిల్లకు గనుల పని కుదురుతుందా?

జవాబు: బీఎస్సీతో ఆపే ఉద్దేశమైతే చేర్పించకండి. చెప్పుకోదగ్గ కొలువులన్నీ ఎమ్మెస్సీ అడుగుతాయి. ముందే ఆ లెక్కతో దిగండి.

కాలేజీలో రెండు విషయాలు వాకబు చేయండి: ఏటా ఫీల్డ్ క్యాంపుకు తీసుకెళ్తారా? పిల్లల చేత థిన్ సెక్షన్లు చేయిస్తారా? థిన్ సెక్షన్ అంటే మైక్రోస్కోపులో చూసేందుకు చేసే పలుచని రాతి పొర; ఇందుకు రాతి ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయాలి. మందం ఎక్కువైతే మైక్రోస్కోపు కింద బూడిద రంగులో ఉండాల్సిన క్వార్ట్జ్ పసుపుగా కనబడి, ఖనిజాన్ని తప్పుగా గుర్తిస్తారు. పుస్తకంలో బొమ్మ చూసి చదివినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

బీఎస్సీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆంధ్ర, ఎస్వీ, ఉస్మానియా విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. కొన్ని ఐఐటీ కోర్సులు గణితం అడుగుతాయి కాబట్టి డిగ్రీ సబ్జెక్టులు తీసుకునే ముందే అర్హతలు చూసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగానికి రాచబాట యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు, కేంద్ర భూగర్భజల మండలిలో సైంటిస్ట్ పోస్టులు దీనితోనే భర్తీ చేస్తారు. ప్రిలిమ్స్ 400 మార్కుల్లో జనరల్ స్టడీస్‌కు 100, సబ్జెక్టుకు 300. అయినా చాలామంది జనరల్ స్టడీస్ మీదే నెలలు ఖర్చుపెట్టి దెబ్బతింటారు.

ప్రైవేటులో డ్యాములు, సొరంగాల పని ఉంటుంది. కొత్తవాళ్లకు మొదట అప్పజెప్పేది కోర్ లాగింగే, అంటే డ్రిల్లింగ్‌లో బయటికి తీసిన రాతి కడ్డీని (కోర్) పరిశీలించి వివరాలు రాయడం. 150 సెంటీమీటర్లు తవ్వితే, 10 సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కలన్నీ కలిపి 90 వచ్చాయనుకోండి: ఆర్‌క్యూడీ, అంటే రాయి ఎంత నాణ్యంగా ఉందో చెప్పే అంకె, 60 శాతం. డ్రిల్లింగ్‌లో విరిగిన చోటును సహజమైన పగులుగా లెక్కేస్తే ఆ అంకె పడిపోతుంది, మంచి రాయికి కూడా కూలకుండా పెట్టే సపోర్టు ఖర్చు అనవసరంగా నెత్తినపడుతుంది. తాజాగా విరిగిన అంచు గరుకుగా, మరక లేకుండా ఉంటుంది. జీతం మొదట్లో తక్కువే, పైగా సైటు ఊరికి దూరం.

ఆడపిల్లల సంగతికొస్తే, భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులు చేసేందుకు 2019లోనే అనుమతి వచ్చింది. అసలు ఆలోచించాల్సింది ఎండలో కొండలెక్కుతూ వారాల తరబడి క్యాంపుల్లో ఉండటం గురించి. అది తనకు ఇష్టమేనా? తుమ్మలపల్లె యురేనియం, మంగంపేట ముగ్గురాయి మీకు దగ్గరే. చేరకముందే అక్కడ పనిచేసే జియాలజిస్టు ఎవరితోనైనా తనను మాట్లాడించండి.