స్టేజ్ 3 వృషణాల క్యాన్సర్‌కి కీమో తీసుకున్నవాళ్లు ఉన్నారా? తట్టుకోగలమా?

నేను తీసుకున్నాను, 26 ఏళ్లప్పుడు. తట్టుకోగలరు. పొట్టలో వెన్ను పక్కన గడ్డలు, ఊపిరితిత్తుల్లో మచ్చలు అన్నీ ఉండి కూడా ఇవాళ మీకు రాస్తున్నాను. అంత దూరం పాకాక కూడా నయం చేయగలిగే క్యాన్సర్లలో ఇదొకటి.

కీమో సంగతి తర్వాత చెప్తాను, ముందు ఇది చెప్పండి: ముందుముందు పిల్లల కోసం వీర్యం బ్యాంకులో దాచిపెట్టుకున్నారా? డాక్టర్ ఎత్తకపోతే మీరే అడగండి, మొదటి సెలైన్ ఎక్కకముందే. నాకు రేపు కీమో అనగా ఇవాళ మధ్యాహ్నం చెప్పారు, అదీ నాన్న పక్కన కూర్చుని ఉండగా. ఆయన గుంటూరు వైపు మిర్చి రైతు, మా ఇంట్లో అలాంటి మాటలు ఎప్పుడూ రాలేదు. నేను తల ఎత్తకుండా "వద్దులెండి సార్" అనేశాను. బయటికొచ్చాక నాన్న నా చేతిలో ఫైలు తీసుకుని "మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే, ముందు ఆటో ఎక్కరా" అన్నాడు. ఆ ఆటో వెళ్లింది వీర్యం దాచే సెంటర్‌కే. అక్కడ నేను లోపల ఉన్నంతసేపూ ఖాళీ కుర్చీలున్నా కూర్చోకుండా ఫైలు గుండెకి ఆనించుకుని నిలబడే ఉన్నాడు.

అసలు ఇంతదాకా తెచ్చింది సిగ్గే. ఉగాదికి చేతికి తగిలిన గడ్డని దసరాకి గానీ ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వరిబీజం అని మాత్రలిచ్చాడు, నడుంనొప్పి బైక్ వల్ల అనుకున్నాను. వృషణంలో గట్టిగా ఏదైనా తగిలితే, నొప్పి లేకపోయినా సరే, స్కానింగ్‌కి వెళ్లండి.

ముందు ఆపరేషన్ చేసి ఆ వృషణం తీసేశారు. తర్వాత కీమో, నాకిచ్చింది బీఈపీ అని మూడు మందులు కలిపిచ్చేది, 21 రోజులకొకటి చొప్పున 4 సైకిల్స్. మొదటి 5 రోజులూ పొద్దస్తమానం సెలైన్లే, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, మూడో వారానికి దిండు నిండా జుట్టు. చెవుల్లో కీచురాళ్ల మోత ఇప్పటికీ పోలేదు. దగ్గు, ఆయాసం కొత్తగా వస్తే అదే రోజు చెప్పండి, ఆ మూడింట్లో బ్లియోమైసిన్ అనే మందు ఊపిరితిత్తుల మీద పడుతుంది. చుట్టాలు లక్ష్మణఫలం ఆకుల కషాయం పట్టుకొస్తారు, మంచినీళ్లే దిగని వారంలో అదెలా తాగుతాం? యువరాజ్ సింగ్ తగ్గించుకోలేదా అని కూడా అంటారు. నిజమే, ఆయనకి వచ్చింది ఛాతీలో, కానీ ఈ జాతి క్యాన్సరే. ఆ మాట మాత్రం నాకు బలాన్నిచ్చింది.

నాకింకా పెళ్లి కాలేదు. ఆ సెంటర్‌కి ఏటా కట్టాల్సిన డబ్బు నేను కడతానన్నా నాన్న వినడు, మిర్చి అమ్మిన రోజే వెళ్లి కట్టేసి రసీదు నాకు వాట్సాప్‌లో పెడతాడు.